మిడిగుడ్ల లాంటి కండ్లకు ఏం చేయించాలె? హెర్టెల్ 22, థైరాయిడ్ నార్మల్, మాఘంలో పెండ్లి

డిండి_గట్టు

మా చెల్లె కోసం అడుగుతున్న. వయసు 24, దేవరకొండ దగ్గర. కండ్లు చిన్నప్పటి నుంచే ముందుకుంటయ్. మా నాయనకు, మేనత్తకు గూడ అట్లనే. నొప్పి లేదు, ఒక్కటి రెండుగ కనపడుడు లేదు, ఈ మధ్య పెరిగింది గూడ లేదు.

చేతిల ఉన్న కాగితాలల్ల రాసింది ఇది: హెర్టెల్ (గుడ్డు ఎంత ముందుకుందో కొలిచేది) రెండు కండ్లకు 22 మి.మీ., బేస్ (పరికరం రెండు కాళ్ల నడుమ దూరం) 96. థైరాయిడ్ రక్తపరీక్షలల్ల టీఎస్‌హెచ్ 2.1, ఫ్రీ టీ4 నార్మల్. అద్దాల నంబరు రెండింటికీ మైనస్ 1.25, అద్దాలు పెట్టుకుంటే 6/6. కింది రెప్పకు, నల్లగుడ్డుకు నడుమ తెల్లగుడ్డు 2 మి.మీ. కనపడుతది. పై రెప్ప దిక్కు తెల్లగుడ్డు కనపడది.

మూడు చోట్ల అడిగితే మూడు మాటలు చెప్పిన్రు. ఒకరు కంటి కింద ఫిల్లర్ (పల్లం నింపే జెల్ సూది) అన్నరు. ఇంకొకరు "కింది రెప్ప బిగిస్తే సరిపోతది, గంట పని" అన్నరు. మూడో ఆయన కంటి వెనక ఎముక చెక్కాలె అన్నరు. బతుకమ్మ అయిపోయింది, పెండ్లి మాఘంల అనుకుంటున్నం. ఈ మూడింట్ల ఏది ఎవరికి పనికొస్తది, ఏది ముందు ఏది తర్వాత, అసలు ఆపరేషన్ లేకుండ ఎంతవరకు అయితది? తెలిసినోళ్లు లెక్కతోని చెప్పున్రి.

స్లిట్‌ల్యాంప్

మూడు మాటలూ తప్పు కాకపోవచ్చు. ముగ్గురూ మూడు వేరే సంగతులు చూసి చెప్పి ఉంటారు. కండ్లు ముందుకున్నట్టు కనపడటానికి ఒక్క కారణం ఉండదు. గుడ్డు నిజంగానే గుంతలోంచి ముందుకు ఉండొచ్చు. గుడ్డే పొడుగ్గా ఉండొచ్చు, మైనస్ నంబరు బాగా ఎక్కువున్నవాళ్లకు అట్లా అయితది. రెప్పలు ఎక్కువ తెరుచుకుని ఉండొచ్చు. లేదా గుడ్డు ఉండాల్సిన చోటే ఉండి, దాని కింద చెంప ఎముక వెనక్కి ఉండొచ్చు. ఏది ఎంత అనేది తేలకముందు మందు మాట్లాడితే దండగ.

మీ కాగితం చూస్తే ఈ కారణాల్లో రెండోది, గుడ్డు పొడుగు, పోయినట్టే. గుడ్డు పొడవు ఒక మి.మీ. పెరిగితే నంబరు దాదాపు మైనస్ 3 పెరుగుతది. మైనస్ 1.25 కి గుడ్డు పొడుగు కథ లేదు.

హెర్టెల్ గురించి ఒక మాట. కంటి బయటి మూల దగ్గర వేలు పెట్టి నొక్కితే ఎముక అంచు తగులుతది కదా, ఆ అంచు మీద పరికరం రెండు కాళ్లు ఆనిస్తారు. ఆ అంచు నుంచి నల్లగుడ్డు కొన ఎంత ముందుకుందో అద్దంలో చూసి చదువుతారు. పెద్దవాళ్లలో మామూలుగా 12 నుంచి 20, 21 దాకా ఉంటది. రెండు కండ్ల మధ్య తేడా 2 మి.మీ. దాటితే అనుమానించాలి. 22, 22 అంటే గుడ్డు కొంచెం ముందుకుంది, కానీ రెండూ సమానం. అది మంచి గుర్తు. మళ్లీ కొలిపిస్తే అదే బేస్ 96 మీద, వీలైతే అదే మనిషితో కొలిపించండి. బేస్ మారితే ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడటానికి లేదు. కాళ్లు గట్టిగా నొక్కితే ఒక అంకె, వదులుగా పెడితే ఇంకో అంకె వస్తది, ఒక మి.మీ. తేడా కొలిచేవాళ్ల చేతిలోనే ఉంటది.

ఇంకో తిరకాసు ఉంది. ఆ బయటి ఎముక అంచే వెనక్కి ఉన్నవాళ్లకు గుడ్డు కదలకున్నా అంకె పెద్దగా వస్తది. అందుకే అంకె ఒక్కదాన్నే నమ్మొద్దు.

ఇంట్లో మూడు పనులు చేయండి.

మొదటిది పక్క నుంచి ఫోటో. సెల్ఫీ వద్దు, మొఖానికి దగ్గరగా పెడితే నడి మొఖం ఉబ్బి కనపడుతది. ఐదారు అడుగుల దూరం నుంచి, ఫోన్ కంటి ఎత్తులో పట్టుకుని, రెండింతలు జూమ్ చేసి తీయండి. చెల్లె తిన్నగా ఎదుటి గోడ దిక్కు చూడాలి, తల పైకీ కిందికీ వంచొద్దు. ఆ ఫోటో మీద నల్లగుడ్డు కొన నుంచి నిట్టనిలువుగా కిందికి గీత గీయండి. చెంప ఉబ్బు గీతకు ముందు పడితే చెంప ఎముక బాగుంది. గీతకు వెనక పడితే ఎముక ఆసరా తక్కువ. దీన్ని డాక్టర్లు నెగెటివ్ వెక్టర్ అంటారు. రెప్ప ఆపరేషన్ చేసేవాళ్లు కత్తి పట్టకముందు చూడాల్సింది ఇదే.

రెండోది నిద్ర. పడుకున్న గంట తర్వాత ఫోన్ టార్చి పక్క నుంచి వేసి చూడండి, నేరుగా కంట్లో కొట్టొద్దు. రెప్పల మధ్య తెల్లటి సందు ఉందా, ఉంటే ఎంత? పొద్దున లేవంగనే కండ్లు గరగర అంటున్నాయా?

మూడోది పాత ఫోటోలు. పదో తరగతి హాల్ టికెట్, ఇంటర్ ఐడీ, ఆధార్ పక్కపక్కన పెట్టండి. పదేండ్ల కింద, ఇప్పుడు ఒకే తీరుగా ఉంటే పుట్టుకతో వచ్చిందే. మధ్యలో మారితే కథ వేరు.

థైరాయిడ్ ఒక్క టీఎస్‌హెచ్‌తో కొట్టేయొద్దు. గుడ్లను ముందుకు తోసే థైరాయిడ్ కంటి జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి రక్తంలో హార్మోన్ నార్మల్‌గానే ఉంటది. టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ అని ఒక పరీక్ష ఉంటది, ఆపరేషన్ మాట వచ్చిందంటే అది చేయించాల్సిందే. జుట్టుకని బయోటిన్ గోళీలు మింగుతుంటే రక్తం ఇచ్చే ముందు రెండు మూడు రోజులు ఆపాలి, అది ఈ అంకెలను తారుమారు చేస్తది.

చెరువుగట్టు_తమ్ముడు

అన్నా, అసలు మన నల్లగొండ నీళ్లల్ల ఫ్లోరైడే కదా దీనికి కారణం? మర్రిగూడ దిక్కు మస్తు మందికి ఉంటదంటరు.

స్లిట్‌ల్యాంప్

కాదు తమ్మీ. ఫ్లోరైడ్ పండ్లను గారలు పట్టిస్తది, ఎముకలను, కీళ్లను గుంజేస్తది. కంటి గుడ్డును ముందుకు తోయదు. వీళ్ల ఇంట్ల నాయనకు, మేనత్తకు ఉందంటే అది మొఖం ఎముకల పోలిక.

రెప్పకుట్టు

ఆక్యులోప్లాస్టీ (రెప్పలు, కంటి గుంత ఆపరేషన్లు) వైపు నుంచి చెబుతున్నా. ముందు ఆ "గంట పని" సంగతి తేల్చాలి, ఎందుకంటే ఇట్లాంటి కండ్లకు ఎక్కువ చెడ్డపేరు తెచ్చేది అదే.

బొజ్జ ఉన్నాయన ప్యాంటు జారుతుందని బెల్టు ఇంకో రంధ్రం బిగిస్తే ఏమవుతుంది? బెల్టు బొజ్జ మీద నిలవదు, జర్రున కిందికి జారి బొజ్జ కింద కూర్చుంటుంది. కింది రెప్ప కూడా అంతే. గుడ్డు ముందుకుండి, చెంప ఎముక వెనక్కి ఉన్నప్పుడు రెప్పను అడ్డంగా లాగి బయటి మూలలో బిగిస్తే, అది గుడ్డు వంపు మీంచి కిందికి జారుతుంది. 2 మి.మీ. కనపడే తెల్లగుడ్డు 3, 4 మి.మీ. అవుతుంది. కండ్లు ఇంకా పెద్దగా, ఇంకా గుండ్రంగా కనపడతాయి, పైగా మూతపడవు. లోతు కండ్లవాళ్లకు, ముసలితనంతో రెప్ప వదులైనవాళ్లకు ఇదే ఆపరేషన్ బాగా పనిచేస్తుంది. అందుకే "అందరికీ చేస్తున్నాం కదా" అనే మాట వస్తుంది.

కంటి కింద సంచులు తీస్తామనే ఆపరేషన్‌కూ ఇదే హెచ్చరిక. రెప్ప చర్మం కోసి చేస్తే మానేటప్పుడు చర్మం ముడుచుకుని రెప్పను కిందికి గుంజుతుంది. చేయించక తప్పదంటే రెప్ప లోపలి వైపు నుంచి చేసే పద్ధతి అడగండి.

ముందుకున్న గుడ్డుకు కింది రెప్పను పైకి తేవాలంటే బిగించడం కాదు, వదిలించాలి. రెప్పను కిందికి పట్టి ఉంచే లోపలి పొరను విడదీసి, ఆ సందులో అంగిలి నుంచో చెవి నుంచో తీసిన చిన్న ముక్కను దన్నుగా కుట్టి, బయటి మూలను ఉన్నదానికంటే కాస్త ఎత్తులో నిలబెట్టాలి. కోరేది మహా అయితే 1, 2 మి.మీ. పైకి రావడం. అంగిలి ముక్క తీస్తే నోట్లో పుండు మానడానికి రెండు మూడు వారాలు, అన్ని రోజులూ కారం ముట్టుకోలేరు.

బయటి మూలలో పై రెప్పను, కింది రెప్పను 3 నుంచి 5 మి.మీ. మేర కలిపి కుట్టేది ఇంకోటి ఉంది, టార్సోరఫీ అంటారు. కన్ను మూతపడక నల్లగుడ్డు ఎండిపోయేవాళ్లకు అది మంచి రక్ష. అందం కోసం నేను ఒప్పుకోను. ఎదురుగా చూస్తే కన్ను చిన్నదైనట్టే ఉంటుంది గానీ, పక్క నుంచి చూస్తే మూల మొద్దుగా కుట్టేసినట్టు తెలిసిపోతుంది. తర్వాత విప్పించుకున్నా అక్కడ రెప్ప అంచు గరుకుగా మిగులుతుంది, వెంట్రుకలు పోతాయి.

ఇక ఎముక సంగతి. గుడ్డును నిజంగా వెనక్కి పంపేది ఇదొక్కటే, ఆర్బిటల్ డీకంప్రెషన్. కంటి గుంత నాలుగు గోడల గది అనుకోండి. గదిలో సామాను తీయాలి, లేదా గోడ జరపాలి. సామాను అంటే గుడ్డు వెనక కొవ్వు. అది తీస్తే 2 మి.మీ. దాకా, ఒక్కోసారి 3. బయటి గోడను లోపలి నుంచి పలచగా చెక్కితే 2 నుంచి 4. ముక్కు వైపు గోడ, కింద నేల కూడా తీస్తే ఇంకా ఎక్కువ వస్తుంది, కానీ అంత వెనక్కి పంపడం థైరాయిడ్‌తో గుడ్లు బయటికి వచ్చినవాళ్లకు అవసరం. మీ చెల్లెకు 22 ఉంది. 18, 19 కి తెస్తే చాలు. ఆ 3, 4 మి.మీ. కోసం బయటి గోడ, కొంచెం కొవ్వు సరిపోతాయి. ముక్కు వైపు గోడ ముట్టుకోవద్దని ముందే మాట్లాడుకోండి. ఆ గోడ పోతే కంటి లోపలి కండరం అటు జారి, ఒకటి రెండుగా కనపడే ప్రమాదం పెరుగుతుంది. నేల గోడ తీస్తే చెంప, పై పెదవి, పై పండ్లు మొద్దుబారతాయి. నెలల తరబడి ఉండొచ్చు, కొందరికి పూర్తిగా పోదు.

చేసే తీరు ఇట్లా ఉంటుంది. పూర్తి మత్తు. పై రెప్ప మడతలో బయటి చివర రెండు సెం.మీ. లోపు గాటు, అది తర్వాత మడతలో కలిసిపోతుంది. ఎముక మీది పొర లేపి, సన్నటి బర్రుతో (తిరుగుతూ అరగదీసే పనిముట్టు) గోడ లోతు భాగాన్ని అరగదీస్తారు. దాని అవతల మెదడు పొర ఉంటుంది కాబట్టి చేతికి బాగా అలవాటైన పనై ఉండాలి. తర్వాత గుడ్డు చుట్టూ ఉన్న పొరను కోసి వదిలితే కొవ్వు ఖాళీ అయిన చోటికి జరుగుతుంది. ఒక్కో కంటికి గంట, గంటన్నర. కొందరు రెండూ ఒకేసారి చేస్తారు, కొందరు ఒకటి చేసి కొన్ని వారాలు ఆగి రెండోది. ఇట్లా విడివిడిగా చేయడమే నాకు నచ్చుతుంది, ఖర్చు పెరిగినా సరే.

చెడితే ఏమవుతుందో కూడా వినండి. చూపు పోవడం చాలా అరుదు, కానీ ఉంది. గుడ్డు వెనక రక్తం కారి ఒత్తిడి పెరిగితే నిమిషాల లెక్కన నరం దెబ్బతింటుంది. అందుకే మొదటి రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి, కట్టు కిందైనా టార్చి వేసి చూపు అడుగుతూ ఉండాలి. "నొప్పి బాగా పెరుగుతోంది, గుడ్డు రాయిలా ఉంది, మసక" అనే మూడు మాటల్లో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. బయటి గోడ చెక్కినవాళ్లలో కొందరికి అన్నం నమిలేటప్పుడు చూపు సన్నగా ఊగుతుంది, దవడ కండరం గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి. కణత దగ్గర చిన్న సొట్ట పడొచ్చు. ఎక్కువ వెనక్కి పోతే పై రెప్ప గుంత పడి, పదేండ్లు వయసు పెరిగినట్టు కనపడుతుంది. దీన్ని తిరిగి సరిచేయడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం.

వాపు తగ్గడానికి రెండు మూడు వారాలు. అసలు రూపం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు. బతుకమ్మ తర్వాత చేయించి మాఘంలో పీటల మీద కూర్చోబెట్టాలంటే ఆ లెక్క కుదరదు. పెండ్లి తర్వాతైనా చేయించుకోవచ్చు. 22 కి ఏ తొందరా లేదు.

సీటీ చేయించకుండా ఎముక మాట మాట్లాడే వాళ్ల దగ్గర ఆగొద్దు. ఆర్బిట్ సీటీ (కంటి గుంత స్కాన్), ఒక మి.మీ. ముక్కలతో, అడ్డంగా, నిలువుగా రెండు తీర్లా. అందులో బయటి గోడ లోతు భాగం మందంగా ఉంటేనే చెక్కడానికి ఏమైనా ఉంటుంది. కొందరికి అది కాగితంలా పలచగా ఉంటుంది, అప్పుడు కొవ్వు ఒక్కటే దారి.

డిండి_గట్టు

చూసినం. పక్క ఫోటోల గీత గీస్తే చెంప బాగానే వెనక పడ్డది, అర సెంటీమీటరు దాక. నిద్రల రెండు కండ్లకు సన్నని సందు ఉంది, ఒక మి.మీ. ఉంటది. పొద్దున గరగర నిజమే, అడిగితే ఇప్పుడు చెప్తుంది. పదో తరగతి ఫోటోకు ఇప్పటికి ఫరక్ లేదు. పండ్ల వరస బాగనే ఉంది, కింది దవడ ముందుకు లేదు.

రెప్పకుట్టు

పండ్ల వరస మీరే చూడటం మంచిదైంది. కింది పండ్లు పై పండ్లకు ముందుంటే పై దవడ మొత్తం వెనక్కి ఉన్నట్టు. అప్పుడు దారి దవడ ఆపరేషన్ వైపు, పంటి తీగల డాక్టర్ దగ్గర మొదలవుతుంది. మీకు అది లేదు.

అయితే మీ చెల్లెది రెండు సగాల లెక్క. గుడ్డు కొంచెం ముందు, చెంప కొంచెం వెనక. సగం పనిని చెంప వైపు నుంచి చేయొచ్చు. పర్మినెంటుగా అంటే కంటి గుంత కింది అంచు మీద పోరస్ పాలిథిలీన్ (సన్న రంధ్రాలున్న గట్టి ప్లాస్టిక్) ముక్కను చెక్కి, టైటానియం స్క్రూలతో బిగిస్తారు. కోత రెప్ప లోపలి నుంచో, పై పెదవి లోపలి నుంచో. ఎముక 3 నుంచి 5 మి.మీ. ముందుకు వచ్చినట్టవుతుంది, కింది రెప్పకు ఆసరా దొరుకుతుంది. ఇన్ఫెక్షన్ వస్తే తీసేయాలి, మొద్దుబారడం దీనికీ ఉంది. దీనికంటే ముందు ఫిల్లర్ పెట్టి చూడటం తెలివైన పని. రూపం ఎట్లా ఉంటుందో తెలుస్తుంది, నచ్చకపోతే కరిగించొచ్చు.

సూది_దారం

ఫిల్లర్ నా పని కాబట్టి రెండు మాటలు. హయలురానిక్ యాసిడ్ తప్ప వేరేది ఒప్పుకోవద్దు. దానికి ఒక్కదానికే విరుగుడు ఉంది, హయలురానిడేజ్. "పర్మినెంట్ ఫిల్లర్" అంటే లేచి వచ్చేయండి.

కన్నీటి గాడిలో (కంటి కింద ముక్కు వైపు పల్లం) ఒక్కో వైపు అర మి.లీ. కంటే ఎక్కువ పోస్తే ఆ జెల్ నీళ్లు పట్టి, పొద్దున పొద్దున కంటి కింద ఉబ్బు సంచులు వస్తాయి. ముందుకున్న కండ్లకు అది ఇంకా అన్యాయం. అందుకే నేనైతే ముందు చెంప ఎముక మీద, ఎముకకు ఆనించి, ఒక్కో వైపు ఒక మి.లీ. లోపు పెడతాను. రెండు మూడు వారాలు ఆగి, కావాలంటేనే గాడిలో కొంచెం. దానికి వాడేది మొద్దు మొన ఉన్న క్యాన్యులా (సన్న గొట్టపు సూది), 25 నంబరు. పైపైన పెడితే చర్మం కింద నీలిరంగు కనపడుతది, దాన్ని కప్పే మేకప్ లేదు, కరిగించడమే. పదినెలలు, సంవత్సరం, కొందరికి ఇంకా ఎక్కువ ఉంటది.

పెండ్లికి ఆరేడు వారాల ముందే చేయించాలి. కమిలిన మచ్చ పది రోజుల్లో పోతది, మిగిలినవి సర్దుకోవడానికి వెసులుబాటు ఉండాలి. పెండ్లి వారంలో సూది ముట్టొద్దు.

పెట్టె మీ ముందే చింపాలి, బ్యాచ్ స్టిక్కర్ మీ ఫైల్లో అతికించాలి. "హయలురానిడేజ్ ఇప్పుడు ఈ గదిలో ఉందా, చూపించండి" అని అడగండి. ఫ్రిజ్ తీసి చూపించలేని చోట పడుకోవద్దు. సూది రక్తనాళంలో పడితే చర్మం తెల్లబడి, వల లాగా మచ్చలు తేలి, భరించలేని నొప్పి వస్తది. కంటి నాళానికి చేరితే చూపే పోతది, రెటీనాకు గంట, గంటన్నరకు మించి సమయం ఉండదు. బ్యూటీ పార్లర్‌లో ఈ పని చేయించుకోవడం అంటే ఆ గంటన్నరను పందెం కాయడమే.

బోటాక్స్ ఎవరైనా చెప్తే వద్దనండి. రెప్ప మూసే కండరం బలహీనపడితే నిద్రలో ఉన్న ఆ ఒక మి.మీ. సందు రెండు అవుతది.

అడ్డాకుల_అక్క

నేను పెండ్లికూతుర్ల మేకప్ చేస్త, పాలమూరు దిక్కు. మాఘం దాక ఏ సూది లేకున్న మస్తు మార్పు తేవచ్చు చెల్లె.

ముందుకున్న రెప్ప మీద మెరుపు వేసిన్రంటే లైటు పడంగనే గుడ్డు ఇంక ఉబ్బుతది. మెరుపు లేని గోధుమ రంగు, ఒంటి రంగు కంటె రెండు మెట్లు ముదురుది, వెంట్రుకల మొదలు నుంచి ఎముక దాక వేసి, అంచులు కలిపేయాలె. నడి రెప్ప మీదనే ముదురు ఎక్కువుండాలె, పక్కలకు పలచగ. మామూలుగ అందరికి చేసేదానికి ఇది ఉల్టా. కాటుక కింద మీద రెండు దిక్కుల పెట్టాలె, సన్నగ. కింది దిక్కు తెల్ల కాటుక పెడితే కండ్లు పెద్దగ కనపడ్తయ్ అని వీడియోలల్ల చెప్తరు, ఈమెకు అది అస్సలొద్దు. మస్కారా బయటి మూల వెంట్రుకలకే. నడిమిట్ల పెడితే కన్నును ఇంక గుండ్రంగ చేస్తది. కనుబొమ్మలు సన్నగ తీయనియ్యకున్రి, దట్టంగ ఉంటెనే చూపు పైకి పోతది.

ఫోటోగ్రాఫర్‌కు గూడ చెప్పున్రి, కెమెరా కంటి ఎత్తు కంటె రవ్వంత పైన పెట్టమని. కింది నుంచి తీస్తే తెల్లగుడ్డు అంత బయటవడ్తది.

సుర్మా వద్దు. చాల సుర్మాలల్ల సీసం ఉంటది.

స్లిట్‌ల్యాంప్

అక్క చెప్పిన కాటుక సంగతికి ఒక సవరణ. రెప్ప అంచు మీద వెంట్రుకలకు లోపలి వైపు చిన్న చిన్న నూనె గ్రంథుల మూతులు ఉంటాయి. రోజూ అక్కడ కాటుక రుద్దితే అవి పూడుకుపోయి కన్నీళ్లు తొందరగా ఆరిపోతాయి. ఈమెకు ముందే ఆరుతున్నాయి. పెండ్లి రోజుకు సరే, రోజువారీకి వెంట్రుకల మొదట్లో బయటి వైపు పెట్టుకుంటే చాలు.

అద్దాలు ఈమెకు వరం. మైనస్ అద్దం వెనక కన్ను కొంచెం చిన్నగా కనపడుతది. 1.25 కి పెద్ద తేడా రాదు కానీ, ఫ్రేమ్ చేసే పని ఎక్కువ. మందమైన ముదురు ఫ్రేమ్, పై కడ్డీ కనుబొమ్మకు ఆనుకునేటట్టు, కింది కడ్డీ సరిగ్గా కంటి కింద గాడి మీదికి వచ్చేటట్టు చూసుకోండి. రిమ్‌లెస్ వద్దు. ముక్కు దగ్గర కదిలే ప్యాడ్లు ఉన్నదే తీసుకోవాలి. ముందుకున్న కండ్లకు వెంట్రుకలు అద్దానికి తగిలి రోజంతా మరకలు పడతాయి, ప్యాడ్లు ఉంటే రెండు మి.మీ. ముందుకు జరపొచ్చు. చిన్నగా కనపడాలని మైనస్ నంబరు పెంచి వేయించుకోవద్దు, సాయంత్రానికి తలనొప్పి తప్పదు.

ఇక ఆ ఒక మి.మీ. సందు. అందం కంటే ముందు చూడాల్సింది అదే. పడుకునే ముందు కంటి జెల్, పగలు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు నాలుగుసార్లు. నాలుగుకు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనిది తీసుకోవాలి. షిర్మర్ పరీక్ష అడగండి. కింది రెప్పకు కాగితపు పట్టీ తగిలించి ఐదు నిమిషాలు ఉంచుతారు, తడి 10 మి.మీ. దాటకపోతే కన్ను ఎండుతుందని అనుమానించాలి. ఫ్యాను గాలి మొఖానికి నేరుగా తగలొద్దు. బండి మీద పోతే హెల్మెట్ అద్దం కిందికి ఉండాలి, మిర్యాలగూడ రైసుమిల్లుల దిక్కు పోయినప్పుడు మరీ. కండ్లు ఎర్రబడ్డాయని మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొనొద్దు.

ఎండిన కంటికి ఏ రెప్ప ఆపరేషన్ చేసినా కష్టాలు రెట్టింపు. అందుకే ఇది ముందు, అది తర్వాత.

చెరువుగట్టు_తమ్ముడు

రాత్రి కండ్ల మీద గట్టిగ బట్ట కట్టుకుంటే లోపలికి పోతయంటరు, నిజమేనా?

రెప్పకుట్టు

ఎముక పెట్టిన కొలత బట్టతో మారదు. గుడ్డును గట్టిగా నొక్కితే గుండె వేగం పడిపోయే రిఫ్లెక్స్ ఒకటుంది, కండ్లు తిరిగి పడిపోతారు. రోజూ నులిమితే నల్లగుడ్డు కొన సాగుతుంది. కట్టొద్దు.

డిండి_గట్టు

ఎక్కడ చూపించాలె? ఆరోగ్యశ్రీల గని ఇన్సూరెన్సుల గని వస్తదా?

రెప్పకుట్టు

అందం కోసం అని రాస్తే దేంట్లోనూ రాదు. ఆరోగ్య బీమా పాలసీల్లో కాస్మెటిక్ అనేది మినహాయింపుల్లోనే ఉంటుంది. కన్ను మూతపడక నల్లగుడ్డు మీద గీతలు పడుతున్నట్టు, పచ్చరంగు వేసి తీసిన ఫోటోతో సహా రికార్డు ఉంటే అది వేరే లెక్క, అప్పుడు అడగడానికి ఆధారం ఉంటుంది. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రను ఆ కాగితంతోనే కలవండి.

థైరాయిడ్ రక్తపరీక్ష జిల్లా ఆసుపత్రి ద్వారా తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఉచితంగా అవుతుంది. రిసెప్టర్ యాంటీబాడీ మాత్రం బయట చేయించాల్సి రావచ్చు. కంటికి హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ ఉంది. ఎక్కడైనా "ఆర్బిట్, ఆక్యులోప్లాస్టీ" ఓపీ అని చెప్పి చీటీ రాయించుకోండి. మామూలు కంటి ఓపీలో కూర్చుంటే మధ్యాహ్నం దాకా కూర్చుని అద్దాల చీటీతో వాపసు వస్తారు.

డాక్టర్‌ను మూడు అడగండి. థైరాయిడ్ లేనివాళ్లకు డీకంప్రెషన్ ఎన్ని చేశారు? వాళ్ల ముందు, తర్వాత ఫోటోలు ఒకే వెలుతురులో, పక్క నుంచి తీసినవి ఉన్నాయా? ఒకటి రెండుగా కనపడితే తర్వాత మెల్ల సరిచేసేది ఎవరు? మూడో ప్రశ్నకు విసుక్కునేవాళ్లను వదిలేయండి.

సర్జికల్_వార్డు

ఒకవేళ డీకంప్రెషన్ దాకా పోతే ఇది రాసిపెట్టుకోండి. ఆపరేషన్ అయినంక వారం రోజులు హైదరాబాద్‌లనే, ఆసుపత్రికి అరగంట దూరంల రూము తీసుకోవాలె. దేవరకొండ నుంచి అర్ధరాత్రి రెండు గంటలకు పైన ప్రయాణం పెట్టుకుంటే, పైన చెప్పిన రక్తం కారుడుకు అందదు. రెండు దిండ్లు పెట్టి తల ఎత్తుగ పడుకోవాలె. మొదటి రెండు రోజులు గంటకు పది నిమిషాలు చల్లటి కాపడం, ఐసు నేరుగ కాదు, బట్టల చుట్టి. బరువులు ఎత్తొద్దు, వంగి కల్లాపి చల్లొద్దు, మలబద్ధకం కానియ్యొద్దు. ముక్కు వైపు గోడ గని నేల గని ముట్టుకున్నరంటే మూడు వారాలు ముక్కు చీదొద్దు. చీదితే సైనస్ గాలి కంటి గుంతలకు ఎక్కి రెప్ప బుడగ లెక్క ఉబ్బుతది. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలె, ఆపుకోవద్దు.

ఆస్పిరిన్, మోకాళ్ల నొప్పి గోళీలు, చేపనూనె గోళీలు ఏవి మింగుతున్నా మత్తు డాక్టర్‌కు ముందే చూపించాలె, చాలవరకు వారం పది రోజుల ముందే ఆపమంటరు. గుండె కోసం ఆస్పిరిన్ వేసుకునేటోళ్లు మాత్రం సొంతంగ ఆపొద్దు.

డిండి_గట్టు

సరే, ఇట్ల అనుకుంటున్నం. ఇప్పుడు జెల్లు, చుక్కలు, షిర్మర్, యాంటీబాడీ. ఫ్రేమ్ మారుస్తం. మార్గశిరంల చెంపకు ఫిల్లర్, ఒక్కో దిక్కు ఒక మి.లీ. లోపు. ఎముక మాట పెండ్లి అయినంక. గాడిల ఇప్పుడే పెట్టించాలె అంటుంది చెల్లె, ఒకేసారి అయిపోతదని.

సూది_దారం

ఒకేసారి వద్దు. చెంప లేస్తే గాడి సగం దానంతట అదే నిండుతది. కొందరికి రెండోసారి రావాల్సిన పని పడదు. వచ్చే ముందు పక్క నుంచి తీసిన ఆ గీత ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి, పెట్టిన మూడు వారాలకు అదే గోడ ముందు, అంతే దూరం నుంచి ఇంకోటి తీసి పక్కన పెట్టి చూస్తే గాడికి సూది కావాల్నా వద్దా అనేది చెల్లెకే తెలుస్తది.